నలభై ఎనిమిది అంకెలు

టోనీ చూపు పోయి పదమూడేళ్లయింది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు అతనిది. ఉదయం భార్య హన్నా డిస్పెన్సరీకి డ్యూటీకి వెళ్లిపోయాక, ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని కంప్యూటర్ తెరుస్తాడు. ఇక మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఒక గొంతు టోనీది, రెండోది కంప్యూటర్‌ది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. దాని తెలుగు ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది, ఒత్తులు మింగేస్తుంది. కొత్తవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. టోనీ మాత్రం దాన్ని ఎంత వేగంగా నడిపిస్తాడంటే, మనం రెండు వాక్యాలు చదివేలోపు అతను పేజీ వినేస్తాడు.

ఆ గొంతు సాయంతోనే అతను కాలనీవాళ్ల దరఖాస్తులు టైపు కొడతాడు. క్వార్టర్ మార్చమని, పింఛను కాగితంలో పేరు దిద్దమని, సర్వీసు పుస్తకం నకలు ఇమ్మని. నేను బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. నేను రాసుకెళ్లిన దరఖాస్తులో రెండు తప్పులు అతను చెవితో పట్టుకున్నాడు.

టోనీ తండ్రి తోమాసు కూడా బాయిలో దిగినవాడే. బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటారు. తండ్రి తర్వాత టోనీ డ్రిల్లర్‌గా చేరాడు. బొగ్గు గోడకు రంధ్రాలు వేయడం డ్రిల్లర్ పని, వాటిలో పేలుడు మందు కూరి పేల్చడం షాట్‌ఫైరర్ పని. ఒక్కోసారి ఏదో ఒక రంధ్రంలో మందు పేలకుండా మిగిలిపోతుంది. అప్పుడు షాట్‌ఫైరర్ దాని పక్కన సుద్దతో ఇంటు మార్కు పెట్టాలి. తర్వాతి షిఫ్టులో వచ్చే డ్రిల్లర్ ఆ గుర్తు చూసి అక్కడ డ్రిల్లు ఆనించకూడదు. రెండువేల పన్నెండులో, ఒక రెండో షిఫ్టులో, టోనీ డ్రిల్లు ఆనించిన చోట మందు మిగిలే ఉంది. ముఖాన పేలింది. అప్పుడతనికి ముప్పై ఒక్క ఏళ్లు.

అంతకుముందు షిఫ్టులో షాట్‌ఫైరర్ సదయ్య. టోనీకన్నా చాలా పెద్దవాడు. టోనీ అతన్ని సదన్న అనేవాడు. ఒకరి టిఫిన్ డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తిన్న మనుషులు. ఎంక్వయిరీలో సదయ్య “మార్కు పెట్టిన” అన్నాడు. దవాఖానలో, కళ్లకు కట్లతో, టోనీ “మార్కు లేదు” అన్నాడు. ఆ గోడే పేలుడులో రాలిపోయింది కాబట్టి చూసి తేల్చడానికి ఏమీ మిగల్లేదు. చివరికి కాగితం మీద డ్రిల్లర్ అజాగ్రత్త అని పడింది. రావలసిన పరిహారం వచ్చింది, హన్నాకు డిస్పెన్సరీలో ఆయా ఉద్యోగం వచ్చింది. కానీ ఆ ఒక్క మాట టోనీని లోపల కాలుస్తూనే ఉండిపోయింది. సదయ్య పేరు ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత ఆరేళ్లు టోనీ మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చివరికి వాళ్ల చర్చి పాస్టరు రాజ్‌కుమార్ గారు వదలకుండా వెంటపడి, చూపులేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే చోటికి హైదరాబాద్ పంపారు. మూడు నెలలు నేర్చుకుని వచ్చాడు. వచ్చాక కొన్ని వారాలకు, రెండువేల పంతొమ్మిదిలో, పాస్టరు గారే ఒక కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి అతని ఒళ్లో పెట్టారు. ఎవరో దాత ఇచ్చాడని, పేరు చెప్పవద్దన్నాడని అన్నారు. టోనీ ఆ దాత కోసం రోజూ ప్రార్థన చేసేవాడు. పాస్టరు గారు తర్వాత వేరే ఊరి చర్చికి బదిలీ అయి వెళ్లిపోయారు.

కిందటి ఏడాది అక్టోబరులో ఆ కంప్యూటర్ ప్రతి ఉదయం ఒకే మాట చదవడం మొదలుపెట్టింది. ఈ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇక రక్షణ ఉండదు, కొత్తదానికి మారండి అని. కొన్నాళ్లు టోనీ పట్టించుకోలేదు. తర్వాత భయమేసింది. అందులో ఆరేళ్ల దరఖాస్తులున్నాయి, ఒక్కొక్కరి పేరుతో ఒక్కో ఫోల్డరు. చౌరస్తాలో కంప్యూటర్లు బాగుచేసే కిషన్‌కు ఇచ్చాడు. కిషన్ నలభై దాటినవాడు, నమ్మకస్తుడు.

“పెన్‌డ్రైవ్ ఒకటి ఇయ్యన్నా, దాంట్లెకెళ్లి ఎక్కియ్యాలె,” అన్నాడు కిషన్.

టోనీ తన పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. మర్నాడు కంప్యూటర్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఇంటికొచ్చింది.

తెరవగానే ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో మాట్లాడింది. తెలుగు ఉన్న చోటల్లా మౌనం. పాత తెలుగు గొంతు లేదు. కిషన్‌కు ఫోన్ చేసి, ఒక రోజంతా కుస్తీ పట్టి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. తర్వాత కీబోర్డు. వేళ్లకు అలవాటైన తెలుగు కీల వరుస మారిపోయింది. ‘విన్నపం’ అని కొడితే నోరు తిరగని మాటేదో వినిపించింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే. ఆరేళ్లుగా తనవైన వేళ్లు తనవి కాకుండా పోయినట్టనిపించింది. కిషన్ దాన్నీ సరిచేశాడు. కానీ కంప్యూటర్‌ను మూసి తెరిచినప్పుడల్లా అది మళ్లీ కొత్త వరుసకే పోయేది.

అన్నిటికన్నా మెనూతో హడలిపోయాడు. చూపున్నవాళ్లు కంటితో వెతుక్కుంటారు. టోనీ లెక్క పెట్టుకుని దిగుతాడు. ఐదుసార్లు కింది బాణం కొడితే ప్రింట్ వచ్చేది. ఒకరోజు అలవాటుగా ఐదుసార్లు కొట్టి ఎంటర్ నొక్కాడు. కంప్యూటర్ “డిలీట్ చెయ్యాలా?” అని అడిగింది. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఫైలు పోయేది. టోనీ రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తన ఇంట్లో తనకు తెలియకుండా ఎవరో తలుపులు మార్చి పెట్టినట్టుందని హన్నాతో అన్నాడు.

అయినా పని ఆపలేదు. ఎందుకంటే లస్మవ్వ పని ఉంది. లస్మవ్వ భర్త గట్టయ్య బాయిలో పనిచేసి రిటైరై చనిపోయాడు. గని కంపెనీ కాగితాల్లో ఆమె లస్మవ్వ, ఆధార్‌లో లక్ష్మి. ఇద్దరూ ఒక్కరేనని తేలితే తప్ప వితంతు పింఛను కదలదు. గట్టయ్య ఉద్యోగంలో ఉన్నప్పుడు సంతకం పెట్టి ఇచ్చిన పాత కాగితం ఒకటుంది. అందులో నా భార్య లస్మవ్వ, అలియాస్ లక్ష్మి అని రాసి ఉంది. అసలు కాగితం ఆ ఏటి వానలకు ఇల్లు కురిసి ముద్దయిపోయింది. దాని స్కాన్ టోనీ కంప్యూటర్‌లో ఉంది. పింఛను ఆఫీసులో విచారణ గురువారం పొద్దున పదకొండింటికి.

అంతకు ముందు ఆదివారం, చర్చికి వెళ్లబోతుంటే, అప్‌డేట్ పూర్తి కావడానికి మూసి తెరవాలని కంప్యూటర్ అంది. టోనీ సరేనని నొక్కి వెళ్లిపోయాడు. సోమవారం ఉదయం హన్నా డ్యూటీకి వెళ్లాక దాని ముందు కూర్చున్నాడు. కీ నొక్కాడు. ఏమీ మాట్లాడలేదు.

మళ్లీ నొక్కాడు. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. అడుగున చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అంటే బతికే ఉంది. వాల్యూమ్ పెంచాడు. మూసి తెరిచాడు. తనకు తెలిసిన కీలన్నీ నొక్కాడు. ఒక్క మాట లేదు. పేలుడు తర్వాత తనకు మెలకువ వచ్చినప్పుడు కూడా ఇట్లాగే ఉందని అతనే నాకు చెప్పాడు. చుట్టూ మనుషులు ఉన్నారని తెలుస్తోంది, ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

కిషన్‌కు ఫోన్ చేశాడు. అతను పని మీద మంచిర్యాలలో ఉన్నాడు.

“తెర మీద ఏమన్న వచ్చిందా అన్నా?”

“నాకెట్ల తెలుస్తది కిషన్?”

“ఎవలన్న ఉంటే చదివియ్యి. చదివినంక నాకు చేయ్.”

అప్పుడే లస్మవ్వ వచ్చింది, గురువారానికి కాగితాలు సిద్ధమయ్యాయా అని అడగడానికి. ఆమెకు చదువు రాదు. అయినా టోనీ ఆమెనే అడిగాడు.

“అవ్వా, తెర మీద ఏమున్నది, జర చూసి చెప్పు.”

ఆమె వంగి చూసింది. “నీలం రంగున్నది కొడుకా. దాని మీద తెల్లగ, చీమలు బారు కట్టినట్టున్నయ్.”

“ఎన్ని బార్లున్నయ్?”

“నాలుగైదు. ఏమైంది బిడ్డా, నా కాగితం అండ్లనే ఉన్నదా?”

ఉంది అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు హన్నా వచ్చింది. ఆమె ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. మందుల సీసాల మీద పేర్లు చూసి చూసి ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుతుంది, కూడబలుక్కుని చదవలేదు. టోనీ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడ్డాడు. ఆమె ఒక్కొక్క అక్షరం చెబుతుంటే అతను మాటలు కూర్చుకున్నాడు.

“ఆర్. ఇ. సి. ఓ. వి. ఇ. ఆర్. వై.”

“రికవరీ. తర్వాత?”

“కె. ఇ. వై.”

“కీ. తాళం అడుగుతున్నది.”

అరగంట పట్టింది ఆ పేజీ పూర్తి కావడానికి. ఈ కంప్యూటర్‌కు తాళం వేసి ఉంది, తెరవాలంటే నలభై ఎనిమిది అంకెల సంఖ్య కొట్టాలి, అని తేలింది. ఆ తెర వచ్చేసరికి చదివే సాఫ్ట్‌వేర్ ఇంకా మొదలే కాదు, అందుకే మాట లేదు. టోనీ నిర్ఘాంతపోయాడు. తాను ఏ తాళమూ వేయలేదు. అలాంటి తాళం ఒకటి ఉందని కూడా వినలేదు.

కిషన్‌కు మళ్లీ ఫోన్ కలిపారు.

“అన్నా, అది డిస్కుకే తాళం. కొత్త సిస్టమ్ ఎక్కినంక ఒక్కోసారి అడుగుతది. డిస్కు తీసి ఏరే దాంట్ల పెట్టినా తెరుచుకోదు. మొదలు దాన్ని ఎవలి అకౌంట్ మీద షురూ చేసిన్రో, ఆ అకౌంట్ల ఉంటయ్ ఆ అంకెలు.”

“నా ఫైళ్లకు కాపీ ఉన్నది కదా కిషన్. నీకిచ్చిన పెన్‌డ్రైవ్‌ల.”

“ఆ పెన్‌డ్రైవ్‌ల కాపీలున్నయా అన్నా? దాన్ని తుడిచే కదా సిస్టమ్ ఎక్కిచ్చిన. ఖాళీదే అనుకున్న. నువ్వు చెప్పలే, నేను అడగలే.”

టోనీ ఫోన్ టేబుల్ మీద పెట్టి, టేబుల్ అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. హన్నా లేచి మంచినీళ్లు తెచ్చింది. తాగలేదు. తన ఫోన్ కూడా చదివి వినిపించేదే కాబట్టి, దాంట్లో తన అకౌంట్ తెరిచి వెతికాడు. అక్కడ ఏ అంకెలూ లేవు. అప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది.

“తెర మీద ఏ అకౌంటో చెప్పకుంట ఉండదు. కింద దిక్కు చూడు హన్నా. మధ్యల చుట్టేసిన ఏ లాంటి గుర్తు ఉన్న లైను.”

హన్నా కిందికి చూసింది. “వై,” అంది. “ఏ. ఎం.” ఆగిపోయింది.

“చదువు.”

“తర్వాత అన్నీ చుక్కలే.”

“వై, ఏ, ఎం. యమ్… ఇదెవలి పేరు? పాస్టరు గారింట్ల గా పేరోళ్లు లేరు కదా. ఏందే, చప్పుడు చేస్తలేవు?”

తాను ఏం చెప్పినా అతను నమ్మేవాడని, చూసుకోలేడని, ఆ క్షణంలో అనుకున్నానని హన్నా తర్వాత మా ఆవిడతో అంది. కానీ అబద్ధం నోట్లోకి రాలేదట.

“యమున,” అంది హన్నా. “సదన్న బిడ్డ.”

ఏ సదన్న అని అతను అడగలేదు. హన్నా అంతా ఒక్కసారే చెప్పేసింది. రెండువేల పంతొమ్మిదిలో ఒక మధ్యాహ్నం సదయ్య డిస్పెన్సరీ వెనక మెట్ల దగ్గరికి ల్యాప్‌టాప్ పెట్టె పట్టుకుని వచ్చాడు. నా పేరు చెబితే తీసుకోడు, పాస్టరు గారి చేత ఇప్పించండి అన్నాడు. అప్పుడే చదువు ముగించిన కూతురు యమున దాన్ని తన అకౌంట్ మీద మొదలుపెట్టి, అన్నీ అమర్చి ఇచ్చింది.

టోనీ వెనక్కి జరగబోయి మంచానికి తగిలి కూలబడ్డాడు. గట్టిగా అరవలేదు. మాటలు ఏరుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు.

“ఆరేండ్లు. ఆరేండ్లు ఆయన ఇచ్చిన దాని మీద నా చేతులు పెట్టిచ్చినవ్. ఆయన కోసం నాతోని ప్రార్థన చేయిచ్చినవ్.”

“అవ్,” అంది హన్నా. “నువ్వు గోడ దిక్కు తిరిగి కూసున్న ఆరేండ్లు నేను చూసిన. సైతాను వచ్చి ఇచ్చినా తీసుకుందును.”

ఆ రాత్రి ఇద్దరూ తినలేదు.

మంగళవారం పొద్దున్నే లస్మవ్వ మళ్లీ వచ్చింది. టోనీ పలకకపోయినా గడప మీద కూర్చుంది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకున్న చప్పుడు టోనీకి వినిపించింది. అతను లోపలికి తిరిగి హన్నాను పిలిచాడు.

“ఆ పిల్ల నంబరు ఎక్కడన్న దొరుకుతదా?”

“నా ఫోన్‌ల ఉన్నది,” అంది హన్నా.

అది ఇంకో దెబ్బ. నంబరుంది అంటే మాటలున్నాయన్నమాట. అడిగాడు. ప్రతి క్రిస్మస్‌కూ యమున ఫోన్ చేసి, కాక కంప్యూటర్ బాగా నడుస్తోందా అని అడుగుతుందట. కాక అంటే చిన్నాన్న.

యమున ఇప్పుడు నది అవతల జైపూర్‌లో, కరెంటు ప్లాంటులో కంప్యూటర్ ఆపరేటర్. తండ్రి ఆమె దగ్గరే ఉంటున్నాడు. టోనీ ఫోన్ చేసి సంగతి చెప్పాడు. ఆమె పనిలో ఉన్న మనిషిలా గబగబా చెప్పింది. అకౌంట్ పాస్‌వర్డ్ ఎప్పుడో మర్చిపోయింది. మార్చాలంటే కోడ్ వస్తుంది. ఆ రోజుల్లో తనకు సొంత ఫోన్ లేక నాన్న నంబరే ఇచ్చింది. కోడ్ ఆయన ఫోన్‌కే వస్తుంది.

“బాపుకు చెవులు ఇనరావు కాక. మందు కాల్చి కాల్చి పోయినయ్. నేను డ్యూటీల ఉన్న. అయినా ఇప్పుడే చేసి చూస్త.”

ఆమె ప్లాంటు నుంచి తండ్రికి ఫోన్ చేసి కోడ్ చదవమంది. ఆయన ఒకసారి ఏడును ఒకటి అన్నాడు. ఒకసారి పాత మెసేజిలోది చదివాడు. మూడోసారి కోడ్ సరిగ్గానే చదివాడు కానీ అప్పటికి దాని గడువు అయిపోయింది. అకౌంట్ ఇరవై నాలుగు గంటలు మూసుకుపోయింది. యమున మళ్లీ ఫోన్ చేసి చెప్పింది.

“రేపు మధ్యాహ్నం రెండింటికి తెరుచుకుంటది కాక. నేను లీవు పెట్టి ఇంట్లనే ఉంట. ఫోన్‌ల అంకెలు చదువుత, చిన్నమ్మ కొడితే అయిపోతది.”

“వద్దు,” అన్నాడు టోనీ. “మేమే వస్తం.”

ఎందుకు వస్తానన్నాడో ఆ నిమిషంలో తనకే తెలియదన్నాడు నాతో. నోట్లోంచి వచ్చేసింది.

బుధవారం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇద్దరూ బస్సెక్కారు. గోదావరి వంతెన దాటి, ఇందారం దగ్గర దిగి, ఆటోలో జైపూర్ చేరారు. దారి పొడుగునా టోనీ సంచి ఒళ్లో పెట్టుకుని దాని జిప్పు వేస్తూ తీస్తూ కూర్చున్నాడు.

సదయ్య వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. అడుగుల చప్పుడు ఆయనకు వినిపించలేదు. మనిషి నీడ మీద పడితే తలెత్తాడు. లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచి మూశాడనీ, చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నాడనీ హన్నా తర్వాత చెబితేనే టోనీకి తెలిసింది. యమున వచ్చి ఇద్దరినీ లోపల కూర్చోబెట్టింది.

రెండింటికి కోడ్ వచ్చింది. సదయ్య ఫోన్ కూతురి చేతికిచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి అకౌంట్ తెరుచుకుంది. అందులో ఒకే ఒక కంప్యూటర్ పేరుంది. ‘టోనీ కాక’ అని యమున పెట్టిన పేరు. దాని పక్కన ఆ సంఖ్య. ఆమె ఆరేసి అంకెల చొప్పున చదివింది. టోనీ తన వేళ్లతోనే కొట్టాడు, హన్నా తెర చూస్తూ ఒక్కొక్కటీ సరేనంది. నాలుగో ఆరులో ఒక తప్పు పడితే తుడిచి మళ్లీ కొట్టాడు. ఎనిమిదో ఆరు అయ్యాక ఎంటర్ నొక్కి చెయ్యి తీశాడు.

ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఆ ముక్కు గొంతు గది నిండా మాట్లాడింది. సోమవారం అతను పెంచిన వాల్యూమ్ అట్లాగే ఉంది. యమున ఉలిక్కిపడింది. టోనీ లస్మవ్వ ఫోల్డర్ వెతికి, గట్టయ్య కాగితం తెరిచాడు. అది ఫొటో కాబట్టి కంప్యూటర్ చదవలేదు. హన్నా వంగి చదివింది. లస్మవ్వ, అలియాస్ లక్ష్మి. కింద గట్టయ్య సంతకం. యమున దాన్ని అప్పటికప్పుడు మూడు చోట్ల కాపీ చేసి దాచింది.

వచ్చిన పని అయిపోయింది. హన్నా సంచి అందుకుంది. టోనీ లేవలేదు.

“సదన్నా,” అన్నాడు.

సదయ్యకు వినిపించలేదు. యమున ఆయన చెయ్యి తట్టి చూపించింది. ఆయన దగ్గరికొచ్చి వంగాడు.

“మార్కు పెట్టినవా?”

“ఆఁ?”

“మార్కు. పెట్టినవా లేదా?”

“ఏమంటున్నవ్ టోనీ, జర గట్టిగ.”

పదమూడేళ్లు కడుపులో పెట్టుకున్న ప్రశ్నను టోనీ ఆ గదిలో అరిచి అడగవలసి వచ్చింది. పక్క పోర్షనులో టీవీ చప్పుడు ఆగింది. సదయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు మోకాళ్లు చప్పుడైనాయి. చెవుడున్నవాళ్లు సాధారణంగా గట్టిగా మాట్లాడతారు. ఆయన మాత్రం మెల్లగా చెప్పాడు.

“యాదికి లేదు తమ్మీ. ఆ రోజు ఏడు రంధ్రాలు కాల్చిన. ఏడు పేలినయా, ఆరేనా, లెక్క తప్పిన. పొగ ఉండె. షిఫ్టు అయిపోయింది. మార్కు పెట్టిన్నో, పెట్టాలె అనుకుని మీదికి ఎక్కొచ్చిన్నో, ఎన్నిసార్లు అనుకున్నా తెలుస్తలేదు. ఎంక్వయిరీల అడిగితే పెట్టిన అన్న. ఆ మాట అన్నది మాత్రం మంచిగ యాదికున్నది.”

టోనీ ఏ మాటకైనా సిద్ధపడి వచ్చాడు. పెట్టిన అంటే లేచి వచ్చేసేవాడు. పెట్టలే అంటే ఏం చేసేవాడో, బహుశా ఏడ్చేవాడు. ఈ జవాబు అతని లెక్కలో లేదు. ఇన్నేళ్లు తాను పోట్లాడింది కావాలని అబద్ధమాడిన మనిషితో. ఆ మనిషి ఇక్కడ లేడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఏం జరిగిందో తెలియని ముసలాయన ఒకడున్నాడు. టోనీ పక్కనున్న హన్నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నాడు.

“నేను కూడ ఆ గోడ సక్కగ చూడలే అన్నా. జల్దీల ఉంటి. మార్కు లేదని ఒట్టేసిన గని, చూసిన్నో లేదో నాకూ యాదికి లేదు.”

సదయ్య చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, “ఏమన్నవ్?” అన్నాడు.

టోనీ రెండోసారి చెప్పలేదు. “ఏం లేదు,” అని గట్టిగా అని లేచాడు. హన్నా అతని మోచెయ్యి పట్టుకుంది. తన భర్త ఆ మాట అనగా ఆమె వినడం అదే మొదలు.

గురువారం పదకొండింటికి లస్మవ్వ వెంట టోనీ కూడా ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి క్లర్కు ప్రింటు తీసిన కాగితాన్ని రెండుసార్లు చూసి, ఇది చాలు అన్నాడు. మూడు నెలలకు పింఛను ఖాయమైంది. కిషన్ వచ్చి కంప్యూటర్‌ను టోనీ అకౌంట్ మీదికి మార్చాడు, కొత్త పెన్‌డ్రైవ్ తనే తెచ్చిచ్చాడు. ఆ నలభై ఎనిమిది అంకెలు హన్నా ఒక అట్ట మీద పెద్దగా రాసి బైబిల్లో పెట్టింది. కీబోర్డు వరుస ఇప్పటికీ అప్పుడప్పుడు మారిపోతుంది. మెనూలో మాత్రం టోనీ ఇప్పుడు ఐదు లెక్కపెట్టి ఊరుకోడు, ఆగి విని నొక్కుతాడు.

జనవరిలో యమున ఫోన్ చేసింది. తండ్రికి చెవి మిషన్ ఇప్పించమని కంపెనీ దవాఖానకు దరఖాస్తు పెట్టాలి, కొట్టి ఇస్తావా కాక అని అడిగింది. టోనీ వెంటనే అవుననలేదు, కాదనీ అనలేదు. కాగితాలు పంపమన్నాడు. మామూలుగా అలాంటి దరఖాస్తు అతనికి అరగంట పని. దీనికి మూడు రోజులు పట్టింది. ఎన్నేళ్లు మందు కాల్చాడు, ఏ ఏ బాయిల్లో చేశాడు, అన్నీ వివరంగా రాశాడు. కొట్టడం అయ్యాక నన్ను పిలిచి, తెలుగు సరిగా ఉందో లేదో ఒకసారి చూడమన్నాడు. నేను చదివాను. ఎక్కడా ఒక్క తప్పు లేదు.